ఏ గచ్చు అన్నది తర్వాత, కింద చెమ్మ సంగతి ముందు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర గోదావరి గట్టుకు ఆనుకుని ఉన్న ఊరు. తాతల నాటి మండువా లోగిలి బాగా పాడైపోవడంతో విప్పేసి, అదే స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. రెండు శ్లాబులూ పడ్డాయి, గోడల ప్లాస్టరింగ్ కూడా అయింది. వరద భయంతో పునాది రోడ్డు కన్నా నాలుగడుగులు ఎత్తు లేపి లోపల బుసక (సన్నని ఒండ్రు ఇసుక) నింపించాం. దానిమీద ఇంకా కాంక్రీటు వేయలేదు. మా అత్తగారికి ఉబ్బసం. మా బాబుకు నాలుగేళ్లు, జలుబు చేస్తే వాడికీ పిల్లికూతలు వస్తున్నాయి. ఇంటీరియర్ పనులు చూసే ఆయన కింద పడక గదులకు చెక్కలా కనిపించే లామినేట్, మేడమీద వినైల్ షీటు వేయమంటున్నారు. రెండింటికీ ‘ఈ1’, ‘లో వీఓసీ’ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువ) అన్న ముద్రలున్నాయి కాబట్టి భయం లేదంటున్నారు. మామగారు గ్రానైటే వేయాలంటున్నారు. వెదురు పలకల గచ్చు పర్యావరణానికి మంచిదని నేను చదివాను. పాత ఇంట్లోంచి తీసిన నాపరాళ్లు పెరట్లో కొబ్బరిచెట్ల కింద పేర్చి ఉన్నాయి, వాటిని అమ్మేద్దామని అందరూ అంటున్నారు. మాఘమాసంలో గృహప్రవేశం అనుకుంటున్నాం. ఏది వేయిస్తే ఇంట్లో గాలి బాగుంటుంది?
— ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: ముందుగా ఒక మాట. నాపరాళ్లు అమ్మకండి. మీరు అడిగినదానికి సగం జవాబు ఆ కొబ్బరిచెట్ల కిందే ఉంది. మిగతా సగం మీరు నింపించిన బుసకలో ఉంది. కాంక్రీటు పడకముందే ఉత్తరం రాయడం మంచిదైంది, ఎందుకంటే అది పడిపోయాక అయితే నేను చెప్పబోయేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన పనికి అవకాశమే ఉండేది కాదు.

ఇంటీరియర్ పనివారు చెప్పిన రెండు సరుకుల సంగతి మొదట చూద్దాం. లామినేట్ పలక పైకి టేకులా కనిపించినా అది అచ్చు వేసిన కాగితపు పొర మాత్రమే. దాని కింద ఉండేది మెత్తగా చేసిన చెక్కనారను జిగురుతో కలిపి, వేడి మీద గట్టిగా అదిమి తయారుచేసిన బోర్డు. ఆ జిగురు చాలావరకు యూరియా ఫార్మాల్డిహైడ్. చౌక, త్వరగా గట్టిపడుతుంది, అందుకే ఫ్యాక్టరీలకు అదంటే ఇష్టం. ఆ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు ఒక్కసారిగా కాకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గదిలోకి వస్తూనే ఉంటుంది. కళ్లు మండటం, గొంతు గరగర, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగడం దానివల్ల వచ్చే ఇబ్బందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఇంటిలోపలి గాలిలో ఇది ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని, అదీ అరగంట సగటు మీద, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు పెట్టింది.

‘ఈ1’ ముద్ర ఐరోపా వారిది. పరీక్ష గదిలో బోర్డు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరుకు 0.124 మిల్లీగ్రాముకు మించలేదని దాని అర్థం. ముద్ర నిజమైనదే అనుకుందాం. ఆ పరీక్ష గదిలో ఉండే వాతావరణం 23 డిగ్రీల వేడి, 45 శాతం తేమ. మీ ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు విషయం, వైశాఖంలో మధ్యాహ్నం కరెంటు పోతే గది ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుకు ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, నీటి ఆవిరి తగిలితే దాని బంధాలు విడిపోయి ఫార్మాల్డిహైడ్ మళ్లీ బయటపడుతుంది, వేడి తోడైతే ఇంకా వేగంగా విడిపోతుంది. కాబట్టి చల్లని, పొడి వాతావరణంలో నిజాయితీగా సంపాదించిన ముద్ర మన డెల్టా ఇంట్లో అదే హామీ ఇవ్వలేదు. ఇది చాలదన్నట్టు, చెమ్మ పీల్చిన బోర్డు అతుకుల దగ్గర ఉబ్బి లేస్తుంది. గట్టు పక్క ఇల్లు కనుక వరద నీరు ఒక్క పూట లోపలికి వచ్చినా ఆ గచ్చు మొత్తం పీకి పారేయాల్సిందే.

వినైల్ విషయంలో ఇబ్బంది వేరే దారిలో వస్తుంది. అది పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్కు, దాన్ని చాపలా మెత్తబరచడానికి థాలేట్లు అనే నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్కులో కరిగి ఉంటాయే తప్ప దానికి కట్టుబడి ఉండవు, అందుకే మెల్లమెల్లగా బయటికి వచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. నేలమీద పాకే, ఆడుకునే పిల్లలు ఆ దుమ్మును పెద్దవాళ్లకన్నా ఎక్కువగా పీలుస్తారు, చేతులతో నోట్లోనూ పెట్టుకుంటారు. పడకగది దుమ్ములో కొన్ని థాలేట్లు ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల్లో ఉబ్బసం, అలర్జీ ఎక్కువగా కనిపించాయని స్వీడన్ పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఒకటి ఉన్నచోట రెండోది కనిపించినంత మాత్రాన అదే కారణమని తేలిపోదు, కానీ ఉబ్బసం లక్షణాలు ఉన్న పిల్లవాడు ఇంట్లో ఉన్నప్పుడు అంతకన్నా గట్టి రుజువు వచ్చేదాకా ఆగడంలో అర్థం లేదు.

మన పరిస్థితికి మరీ దగ్గరగా వచ్చే విషయం ఇంకొకటి ఉంది. కొత్త కాంక్రీటు క్షార గుణం కలది. దానిలో ఇంకా చెమ్మ ఉండగా పైన వినైల్ షీటు అంటిస్తే, ఆ క్షారపు చెమ్మ షీటులోని థాలేట్లనూ, అంటించిన జిగురునూ విరగ్గొట్టి 2-ఇథైల్ హెక్సనాల్ అనే ఘాటు వాసన గల ఆల్కహాలును పుట్టిస్తుంది. స్వీడన్‌లోనూ జపాన్‌లోనూ ఆఫీసు భవనాల్లో, ఆసుపత్రుల్లో దీన్ని కొలిచి చూశారు. షీటు డబ్బా మీద ‘లో వీఓసీ’ అని రాసి ఉన్నా ఇది ఆగదు, ఎందుకంటే ఆ ఆవిరి డబ్బాలో లేదు, మీ ఇంట్లోనే తయారవుతోంది. మేడమీద శ్లాబుకు నేల చెమ్మ అందకపోయినా, పోసిన కాంక్రీటులోని నీరు ఆరడానికే అంగుళం మందానికి సుమారు నెల చొప్పున పడుతుందని ఇంజనీర్ల లెక్క. వానల్లో అంతకన్నా ఎక్కువే పడుతుంది. థాలేట్లు లేని వినైల్ ఇప్పుడు దొరుకుతోందన్నది నిజమే, అయినా మీ ఇంటికి నేను దాన్ని సిఫారసు చేయను.

వెదురు గురించి మీరు చదివినది తప్పు కాదు. వెదురు త్వరగా పెరుగుతుంది, అడవిని నరికే పని లేదు. అయితే గచ్చుకు వేసే వెదురు పలక అంటే వెదురును చీల్చి, జిగురులో ముంచి, అదిమి చేసిన పలక. ఆ జిగురు ఏదన్నది మళ్లీ మొదటి ప్రశ్నకే తీసుకొస్తుంది. గాలిలో తేమ ఎక్కువ తక్కువలు అయ్యేకొద్దీ అది ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పైగా కొబ్బరితోట నడుమ ఉన్న ఇంటికి చెదల సంగతి కొత్తగా చెప్పాలా?

ఇక అసలు సంగతికి వస్తాను. డెల్టాలో ఇంటి గాలి బాగోగులు గచ్చుమీద వేసే సరుకుకన్నా గచ్చు కింద జరిగేదాన్ని బట్టి ఎక్కువగా తేలతాయి. మన నేల ఒండ్రు నేల. కొన్ని అడుగులు తవ్వితే నీరు పడుతుంది, గట్టు పక్కన వర్షాకాలంలో ఇంకా పైకే ఉంటుంది. బుసకలోని సన్నని రేణువుల సందుల గుండా నీరు దీపపు ఒత్తి నూనెను లాగినట్టు పైకి పాకుతుంది. నాలుగడుగుల ఎత్తు నింపారు కదా, అంత పైకి ఎలా వస్తుందని అనిపించవచ్చు. ముతక ఇసుకలో అయితే రాదు. కానీ బుసకలో సన్నపాలు ఎక్కువ, బంకమన్ను కలిసినదైతే మరీను, అందులో చెమ్మ నాలుగడుగులను సులువుగా దాటుతుంది. అది వట్టి నీరూ కాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో, రొయ్యల చెరువులు తవ్విన చోట్ల ఆ నీటిలో ఉప్పు ఉంటుంది.

మన వైపు పదేళ్లు దాటిన ఏ ఇంట్లోనైనా గోడ మొదలు దగ్గర కూర్చుని చూడండి. నేలనుంచి మోకాలెత్తు వరకు రంగు నల్లబడి, దాని పైఅంచున పెయింటు బుడగల్లా లేచి ఉంటుంది. ఆ బుడగను గోటితో గీస్తే లోపల నుంచి తెల్లని, నూగులాంటి పొడి రాలుతుంది. నాలుకకు తగిలిస్తే ఉప్పన. దాన్ని చీపురుతో దులిపి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేస్తారు. వచ్చే వానల తర్వాత అదే చోట అదే నూగు. ఆ చెమ్మ పట్టీ వెంబడి, బీరువా వెనకాల, మంచం కింద బూజు పుడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి బూజు రేణువులు, తేమలో బతికే దుమ్ము పురుగులు మీ ఇంటీరియర్ సరుకుల వాసనలకన్నా పెద్ద శత్రువులు. ఈ మాట లేకుండా ‘లో వీఓసీ’ గచ్చు గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే.

కాబట్టి ఇప్పుడు చేయవలసిన పని ఇది. బుసకను ఒక్కసారిగా నింపేసి ఉంటే నీళ్లు పెట్టి బాగా నాననిచ్చి, దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. అణగినంత మేర మళ్లీ నింపడానికి చేపల చెరువు గట్ల మట్టి మాత్రం తేనివ్వకండి, ఇసుకే వాడండి. దానిమీద సన్నపాలు లేని 40 ఎంఎం మెటల్ (కంకర రాయి) అయిదారు అంగుళాల మందాన పరిపించండి. ఆ మెటల్ మధ్య సందులు పెద్దవి కాబట్టి చెమ్మ అక్కడితో ఆగిపోతుంది, బుసక నుంచి పైకి పాకే దారి తెగిపోతుంది. ఖర్చు కలిసివస్తుందని మేస్త్రి మెటల్ బదులు ఇటుక ముక్కలు వేయబోతే వద్దనండి, ఇటుక నీటిని పీలుస్తుంది. మెటల్ మొనలు గుచ్చుకోకుండా పలచగా ఇసుక పరిచి, దానిమీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు వేయించండి. ఒక షీటు అంచు మరొకదాని మీద అడుగు మేర ఎక్కాలి, గోడల దగ్గర ప్లింత్ బీము (పునాది మీది కాంక్రీటు దూలం) అంచు మీదికి మడిచి పైకి తీసుకురావాలి. అక్కడ వదిలేస్తే చెమ్మ అదే సందు చూసుకుని గోడ మొదట్లోకి వెళుతుంది. ఆ షీటు మీద కాంక్రీటు పోయించండి. షీటు మీద నడిచేవాళ్లు చెప్పులతో, గమేళాలతో చింపకుండా పోస్తున్న రోజు ఇంట్లోవాళ్లు ఎవరైనా దగ్గరుండటం మంచిది. ఇంటి మొత్తం ఖర్చులో ఈ పనికి అయ్యేది చాలా తక్కువ. తర్వాత చేయాలంటే మాత్రం గచ్చంతా పగలగొట్టాల్సిందే.

ఆ కాంక్రీటుకు స్లాగ్ సిమెంటు దొరికితే అదే తీసుకోండి. సిమెంటు పరిశ్రమ ప్రపంచం మొత్తం విడుదల చేసే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతానికి కారణం. ఉక్కు కర్మాగారాల కొలిమి చిట్టెంను కలిపిన స్లాగ్ సిమెంటులో క్లింకర్ (సున్నపురాయిని కొలిమిలో కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు) వాటా తక్కువ కాబట్టి ఆ భారం తగ్గుతుంది, పైగా ఉప్పు నేలల్లో మామూలు సిమెంటుకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు అయినా పరవాలేదు. రెండూ బలం పుంజుకోవడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాయి, కనుక నీరు పట్టడం కనీసం పది రోజులు మానకూడదు. ఆ నీరు కాలువ నీరై ఉండాలి. మీ బోరు నీరు ఉప్పనైతే, చెమ్మతోపాటు ఉప్పునూ మీ చేతులతోనే గచ్చులో పెట్టినవారవుతారు. కాలువలు పారుతున్నాయి కాబట్టి ఇప్పుడు ఈ పనికి అనువైన కాలమే. వేసవిలో కాలువలు కట్టేశాక అయితే ట్యాంకర్లే గతి.

ఇదే సమయంలో చెదల మందు గురించి ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. గచ్చు ఆవిరుల గురించి ఇంత ఆలోచించేవారు కూడా దీన్ని పట్టించుకోరు. పునాదిలో పోసే మందు ఎక్కువగా క్లోర్‌పైరిఫాస్. పిల్లల నాడీ వ్యవస్థకు హాని అన్న కారణంతో అమెరికాలో దీన్ని ఇళ్లలో వాడటం ఆపేందుకు 2000లోనే తయారీదారులతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. చెక్క గచ్చు వేయకపోతే ఈ మందు అవసరమే బాగా తగ్గుతుంది. ద్వారబంధాల చుట్టూ తప్పదనుకుంటే వేరే మందు అడగండి, ఏదైనా సరే పాలిథిన్ షీటు కిందనే ఉండాలి, గోడల మీద పిచికారీ చేయించవద్దు.

ఇప్పుడు పైన వేసే సరుకు. కింది అంతస్తుకు నా ఎంపిక మీ పాత నాపరాళ్లే. రాయిలో జిగురు లేదు, ప్లాస్టిక్కు లేదు, ఆవిరయ్యేది ఏదీ లేదు. డెల్టాలో రాతి గనులు లేవు, నాపరాయి బేతంచర్ల నుంచో తాండూరు నుంచో లారీలో రావాలి. మీ రాళ్లు ఆ ప్రయాణం మీ తాతల కాలంలోనే చేసేశాయి, వాటికోసం కొత్తగా గని తవ్వక్కరలేదు, కొలిమి మండించక్కరలేదు. ఇంకో కారణం కూడా ఉంది. కొత్తగా నింపిన బుసక ఎంత కొట్టించినా రెండు మూడు వానాకాలాల్లో అక్కడక్కడ కాస్త కూర్చుంటుంది. అప్పుడు ఒకే పలకగా పోసిన గచ్చు పగుళ్లిస్తుంది. రాళ్లయితే కుంగిన చోట నాలుగు తీసి, కింద సర్ది, మళ్లీ వేసుకోవచ్చు. 2022 జులై వరద లాంటిది మళ్లీ వచ్చినా ఒండ్రు ఎత్తిపోసి కడుక్కుంటే రాతి గచ్చు మామూలైపోతుంది.

పాత రాళ్లను వాడేముందు ఒక్కొక్కటీ చూసుకోవాలి. రాయిని కర్ర ముక్కమీద నిలబెట్టి సుత్తితో మెల్లగా తడితే గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడినదైతే మందంగా పలుకుతుంది, దాన్ని పక్కన పెట్టేయండి. తడిపి, నీరు ఆరుతున్నప్పుడు అంచులను గమనిస్తే, మిగతా రాయి ఆరిపోయాక కూడా ఒక సన్నని తడి గీత మిగిలిందంటే అక్కడ పగులు ఉన్నట్టు. చాలా ఏళ్లు నేలలో ఉన్నవి కాబట్టి కింది వైపు ఉప్పు పట్టి ఉండవచ్చు. కాలువ నీటితో కడిగి ఎండబెట్టి, తెల్లని నూగు మళ్లీ వస్తే మళ్లీ కడగండి, అది రావడం మానేదాకా. పైవైపు బాగా అరిగిపోయిన రాళ్లను తిరగేసి వేయవచ్చు, అంచులు మెషీన్‌తో కోయించి, వేశాక నీళ్ల పాలిష్ పట్టిస్తే సరిపోతుంది. కోత, పాలిష్ రెండూ నీళ్లు పోస్తూనే జరగాలి. పొడిగా కోస్తే లేచే దుమ్ములోని సిలికా పనివారి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, మీ అత్తగారిని ఆ రోజుల్లో ఇంటి దరిదాపులకు కూడా రానివ్వకండి.

నాపరాయికి ఒక బలహీనత ఉంది. అది సున్నపురాయి, పులుపు పడదు. చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగిలిపోతుంది. పులస దొరికే ఊళ్లో ఈ మాట చెప్పక తప్పదు, వంటగదిలో పొయ్యి ముందు భాగానికి వేరే పలకలు వేసుకున్నా తప్పులేదు. అంతకన్నా ముఖ్యంగా, పని ముగిసిన రోజు సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రులు అలవాటుగా యాసిడ్ పోసి కడుగుతారు. నాపరాయి మీద అది పడితే పాలిష్ మొత్తం ఒక్క గంటలో పోతుంది, ఆ పొగ ఉబ్బసం ఉన్నవారి గొంతుకు చుట్టుకుంటుంది. యాసిడ్ సీసా గుమ్మం దాటి లోపలికి రాకూడదని పని మొదలయ్యే ముందే చెప్పేయండి. రాళ్ల మధ్య దర్జులకు ఎపాక్సీ అనే రసాయనపు జిగురు వద్దు, సున్నం కలిపిన సిమెంటు మాలు చాలు. పైన మెరుపు కోసం రసాయనపు సీలర్లు పూయించే బదులు మొదటి ఏడాది అప్పుడప్పుడు గుడ్డతో పలచగా కొబ్బరినూనె పట్టించండి. మిగిలిన నూనె తుడిచేయకపోతే జారుతుంది, జాగ్రత్త.

మేడమీదికి ఎర్ర గచ్చు వేయించండి. శ్లాబు కుంగదు కాబట్టి పగుళ్ల భయం తక్కువ, పాదానికి చల్లగా ఉంటుంది, సిమెంటు, ఇసుక, ఇనుప ఆక్సైడు రంగు తప్ప అందులో ఇంకేమీ లేదు. చిక్కు ఒక్కటే, పనివారు. గచ్చును తాపీతో గంటల తరబడి తోమి నునుపు తేల్చే మేస్త్రులు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు, వాళ్లూ వయసు మళ్లినవారే. చేస్తానన్నవారి చేత ముందు వెనక వసారాలో రెండు గజాల మేర వేయించి, పదిహేను రోజులు చూసి, అప్పుడు గదులు అప్పగించండి. గదిని నాలుగడుగుల గళ్లుగా గాజు పట్టీలతో విడదీయిస్తే ఒకవేళ పగులు వచ్చినా గడి దాటదు. అలాంటి మేస్త్రి దొరక్కపోతే మొజాయిక్ పోయించినా అంతే మంచిది.

టైల్స్ సంగతి మీరు అడగలేదు కానీ బంధువులు అడుగుతారు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలినవి కాబట్టి వాటినుంచి ఆవిరులేవీ రావు, ఇంటి గాలికి అవి మంచివే. కానీ ఆ కాల్పుకు పట్టే ఇంధనం, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే లారీ లెక్కలో వేసుకుంటే పెరట్లో రాళ్లున్నవారికి వాటి అవసరం కనిపించదు. స్నానాల గదులకు మాత్రం గరుకు టైల్స్ వేయించండి. మామగారి గ్రానైటు కూడా రాయే, ఆరోగ్యానికి అభ్యంతరం లేదు. ఆయన మాట తీసేసినట్టు కాకుండా వంటగది గట్టుకు, మెట్లకు గ్రానైటు పెట్టించండి. పులుసుకు అది చెక్కుచెదరదు కూడా. మెట్లమీద అద్దంలా మెరిసే పాలిష్ మాత్రం వద్దు, పెద్దవాళ్లు తడి కాళ్లతో జారతారు.

గచ్చు ఇంత జాగ్రత్తగా వేయించి, గదినిండా చౌకరకం బోర్డుతో బీరువాలు చేయిస్తే మొదటి ప్రశ్నే తిరిగి వస్తుంది. పడక గదిలో గోడంత వార్డ్‌రోబ్‌కు లోపలి అరలు, తలుపులు, రెండు వైపులూ లెక్కవేస్తే ఆ వైశాల్యం గచ్చును మించిపోతుంది. పాత ఇంటి తలుపులు, దూలాల చెక్క మిగిలి ఉంటే వాటితోనే చేయించడం మేలు. ప్లైవుడ్ తప్పనిసరైతే ఎంఆర్ రకం కాకుండా బీడబ్ల్యూఆర్ అడగండి. ఎంఆర్‌లో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది, బీడబ్ల్యూఆర్‌లో నీటికి విడిపోని ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు, దానినుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ. కోసిన అంచులన్నీ, కనబడని వెనకవైపుతో సహా, మూయించండి. చెక్కకు కొట్టే మెలమైన్ పాలిష్, తిన్నర్ వాసన ముక్కు పగిలేలా ఉంటుంది, నీటిలో కలిపే పాలిష్‌లు దొరుకుతున్నాయి, అవే వాడమనండి. మాఘంలో గృహప్రవేశం అంటే చెక్కపని, రంగులు పుష్యమాసం మొదటికల్లా అయిపోవాలి. ఆ నెలంతా పగటిపూట కిటికీలు, బీరువా తలుపులు బార్లా తీసి ఉంచాలి. మేస్త్రులు ఆలస్యం చేస్తే ముహూర్తానికి పాలు పొంగించి వచ్చేయండి, అత్తగారు, బాబు అక్కడ పడుకోవడం మాత్రం వాసన పూర్తిగా పోయాకే.

గచ్చు వేసేముందు కాంక్రీటు ఆరిందో లేదో చూసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నేలకు పరిచి నాలుగు అంచులూ టేపుతో బిగించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు ఉన్నా, కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఇంకా ఉన్నట్టే. రాతి గచ్చుకు పూర్తిగా ఆరేదాకా ఆగనక్కరలేదు, అది చెమ్మను ఓర్చుకుంటుంది. కానీ రెండు నెలల తర్వాత కూడా బొట్లు పోకపోతే షీటు ఎక్కడో చిరిగిందని అర్థం, గోడ వారగా వెతికించండి. ఇంటి చుట్టూ చూరు నీళ్లు పునాది దగ్గర నిలవకుండా బయటికి వాలుగా గచ్చు చేయించడం కూడా ఇందులో భాగమే.

చలికాలం ఉదయాన చల్లని రాయి అత్తగారి కీళ్లకు ఇబ్బంది అనిపిస్తే మంచం పక్కన తుంగచాప పరవండి, వారానికోసారి ఎండలో వేయాలి. తివాచీలు మాత్రం వద్దు, దుమ్ము పురుగులకు అంతకన్నా మంచి చోటు లేదు. రోజూ తుడవడానికి మంచినీళ్లు, అవసరమైతే కాస్త సబ్బు చాలు. ఘాటైన ఫినాయిల్ వాసనను శుభ్రతగా అనుకోవడం మానాలి. బాత్రూములో బ్లీచింగ్ పౌడరు వాడే ఇంట్లో యాసిడ్ అసలు ఉంచకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఉబ్బసం ఉన్న మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు.

దోమలు ఉన్న ఊరు కాబట్టి ఇదొక్కటి చెప్పి ముగిస్తాను. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమనీ, దానినుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్ల దాకా ఉండవచ్చనీ 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. లామినేట్ వద్దనుకుని రాత్రంతా చుట్ట వెలిగిస్తే, వద్దనుకున్నదాన్నే పొగ రూపంలో ఇంట్లోకి తెచ్చుకున్నట్టవుతుంది. వినైల్ షీటుకని పక్కన పెట్టిన డబ్బుతో కిటికీలన్నిటికీ, రెండు వాకిళ్లకూ దోమల మెష్ తలుపులు పెట్టించండి. బాబు పడుకునే మంచానికి మాత్రం దోమతెర కూడా కట్టండి.